గీతలు గీసి కట్టిన ఊరు: షేకర్ హైట్స్ కథ

అమెరికా ఊళ్లలో చెత్త తీసుకెళ్లే రోజు వచ్చిందంటే ప్రతి ఇంటి ముందూ రోడ్డు వారన పెద్ద పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు బారులు తీరి కనిపిస్తాయి. ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్ నగరాన్ని ఆనుకుని ఉన్న షేకర్ హైట్స్‌లో దశాబ్దాల పాటు ఆ దృశ్యమే లేదు. మునిసిపల్ సిబ్బంది చిన్న స్కూటర్ బండ్ల మీద ఇంటి పక్క దారిలోంచి పెరట్లోకి వెళ్లేవారు. అక్కడి చెత్త ఎత్తుకుని, వీధిలో ఆగిన పెద్ద లారీలో కుమ్మరించి, మళ్లీ పక్కింటి పెరట్లోకి వెళ్లేవారు. శ్రమ ఎక్కువ, ఖర్చూ ఎక్కువే. అయినా వీధిలో నడిచేవాళ్ల కంట చెత్తడబ్బా పడకూడదన్నది ఊరి పట్టుదల. 30 వేల జనాభా కూడా లేని ఊరు ఇంత చిన్న సంగతికి ఇంత ఏర్పాటు ఎందుకు చేసుకుందని తవ్వుకుంటూ పోతే, ఆ ఊరు ఎలా పుట్టిందో, ఎవరిని రానిచ్చిందో, ఎవరిని ఆపిందో, తర్వాత ఎలా మనసు మార్చుకుందో అన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మన దగ్గర నగరం పెరిగితే శివార్లను కలిపేసుకుంటుంది. 2007లో హైదరాబాద్ చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేసినట్టు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువగా జరిగింది దీనికి తలకిందులు. నగరం పక్కన పుట్టిన ప్రతి కాలనీ విడి మునిసిపాలిటీగా ఏర్పడి, సొంత మేయర్నీ సొంత పోలీసునీ పెట్టుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా సొంత స్కూల్ డిస్ట్రిక్ట్ తెచ్చుకుంది. స్కూళ్లు నడిచేది చాలా భాగం ఆ ఊరి ఇళ్ల మీద వేసే ఆస్తి పన్నుతోనే. అంటే ఊరి పొలిమేర అక్కడ పేరుకు గీసిన గీత కాదు. ఆ గీతకు ఇటు ఉన్న ఇంట్లో పిల్లాడికి ఒక బడి, అటు ఉన్న ఇంట్లో పిల్లాడికి ఇంకో బడి. ఇళ్ల ధరలు, ఓట్లు, కోర్టు తగాదాలు అన్నీ ఆ గీత చుట్టూ తిరుగుతాయి. షేకర్ హైట్స్‌ను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు.

క్లీవ్‌లాండ్ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. ఏటా అక్కడ జరిగే త్యాగరాజ ఆరాధన ఉత్సవం 1978లో మొదలైంది. తెలుగు కృతులు పాడేందుకు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు, పెద్దలు ఆ ఊరికి వస్తారు. అదే 1978 చివర్లో క్లీవ్‌లాండ్ బ్యాంకుల అప్పు తీర్చలేక చేతులెత్తేసింది. 1930ల మాంద్యం తర్వాత అలా ఎగవేత దాకా వెళ్లిన మొదటి పెద్ద అమెరికన్ నగరం అదే. 1920లో దేశంలో అయిదో పెద్ద నగరంగా దాదాపు 8 లక్షల మందితో వెలిగిన ఊరు అది. 1950లో 9 లక్షలు దాటి, 2020 నాటికి 3.72 లక్షలకు పడిపోయింది. ఆ పోయిన జనంలో చాలామంది శివార్లకే పోయారు. షేకర్ హైట్స్ ఎదుగుదలా, క్లీవ్‌లాండ్ తరుగుదలా ఒకే కథకు రెండు కొసలు.

ఊరి పేరులోని షేకర్లు ఎవరు? క్రైస్తవంలో ఒక చిన్న శాఖ. ప్రార్థనలో ఒళ్లు ఊగిపోయేలా ఆడేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆన్ లీ అనే స్త్రీ నాయకత్వంలో 1774లో ఇంగ్లండ్ నుంచి అమెరికా చేరారు. పెళ్లి లేదు, సొంత ఆస్తి లేదు, ఆడా మగా సమానం. చేసే పని ఏదైనా దేవుడి పనే అన్నంత శుభ్రంగా చేయాలి. 1822లో రాల్ఫ్ రస్సెల్ అనే రైతు తన బంధువులతో కలిసి క్లీవ్‌లాండ్‌కు తూర్పున ఎత్తు మీద ఒక షేకర్ సమాజాన్ని నెలకొల్పాడు. వాళ్లు ఆ చోటికి పెట్టుకున్న పేరు ‘దేవుడికి ఇష్టమైన లోయ’. డోన్ వాగుకు అడ్డంగా ఆనకట్టలు కట్టి మిల్లులు నడిపారు. చీపుర్లు కట్టారు, విత్తనాలు అమ్మారు. 1850 ప్రాంతంలో దాదాపు 300 మంది ఉండేవారు. బ్రహ్మచర్యం పాటించే సమాజానికి బయటి నుంచి కొత్తవాళ్లు వస్తేనే మనుగడ. వచ్చేవాళ్లు తగ్గారు, ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. 1889లో సమాజం మూతపడే నాటికి ముప్పైమంది కూడా మిగల్లేదు. ఇళ్లు కూలిపోయాయి కానీ ఆనకట్టల వెనక నిలిచిన రెండు చెరువులు మాత్రం ఉండిపోయాయి.

వాళ్లు వదిలి వెళ్లిన 1,366 ఎకరాలు కొన్ని చేతులు మారి చివరికి ఇద్దరు అన్నదమ్ముల కళ్లలో పడ్డాయి. ఓరిస్ వాన్ స్వెరింజెన్, మాంటిస్ వాన్ స్వెరింజెన్. ఎనిమిదో తరగతితో చదువు ఆపిన ఇద్దరు బ్రహ్మచారులు. జీవితాంతం కలిసే ఉన్నారు, ఒకే గదిలో రెండు మంచాలు వేసుకుని పడుకున్నారు. అంతకుముందు లేక్‌వుడ్‌లో చేసిన వెంచర్ దెబ్బతిన్నా వెనక్కి తగ్గలేదు. 1905 ప్రాంతం నుంచి షేకర్ల భూమి మీద కొద్దికొద్దిగా కొనుగోలు ఒప్పందాలు చేసుకుంటూ వచ్చారు.

ఆ భూమి విలువ దాని ఎత్తులో ఉంది. క్లీవ్‌లాండ్ దాటి తూర్పుకు వెళ్తే నేల ఒక్కసారిగా పైకి లేస్తుంది. అపలాచియన్ పీఠభూమి అంచు అక్కడే మొదలవుతుంది. కింద నది పక్కన ఉక్కు మిల్లులు, చమురు శుద్ధి కర్మాగారాలు, బొగ్గు పొగ. పైన గాలి. రాక్‌ఫెల్లర్ తన చమురు కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ మొదలుపెట్టిన ఊరది. డబ్బున్న ఇళ్లు ఏళ్ల తరబడి ఆ పొగలోనే ఉన్నాయి. ‘హైట్స్’ అన్న మాట అన్నదమ్ములు ఊరికే తగిలించలేదు. వాళ్లు అమ్మిన సరుకే అది.

కానీ ఎత్తు మీదికి మనుషులు చేరేదెలా? ఇక్కడే ఈ కథ మామూలు ప్లాట్ల వ్యాపారాన్ని దాటిపోతుంది. ట్రామ్ కంపెనీ అంత దూరం లైను వేయనంది. సరే, మనమే వేద్దాం అనుకున్నారు. పట్నం నడిబొడ్డు దాకా దారి కావాలంటే ఒక రైలు కంపెనీ స్థలం మీదుగా పోవాలి. స్థలం అడిగే బదులు 1916లో ఆ రైలు కంపెనీనే కొనేశారు. నికెల్ ప్లేట్ రైల్‌రోడ్, ధర 85 లక్షల డాలర్లు, అందులో ఎక్కువ భాగం అప్పు. 1920 ఏప్రిల్‌లో షేకర్ రాపిడ్ రైలు నడక మొదలైంది. 1920లో 1,616 మంది ఉన్న ఊళ్లో 1930 నాటికి 17,783 మంది ఉన్నారు. పదేళ్లలో పదకొండు రెట్లు. 1931లో అధికారికంగా సిటీ అయింది. క్లీవ్‌లాండ్ మధ్యలో రైలు ఆగే చోట అన్నదమ్ములు టెర్మినల్ టవర్ కట్టించారు. 52 అంతస్తులు. 1930లో తెరిచాక మూడు దశాబ్దాలకు పైగా న్యూయార్క్ బయట అమెరికాలో అంత ఎత్తు భవనం ఇంకొకటి లేదు. ఇళ్ల ప్లాట్లు అమ్ముడుపోవడానికి రైలు, రైలు కోసం రైల్‌రోడ్ కంపెనీ, దాని కోసం స్టేషను, స్టేషను మీద మేడ. అలా అప్పు మీద అప్పుతో పేర్చిన ఆ సామ్రాజ్యం మాంద్యంలో కూలింది. మాంటిస్ 1935 చివర్లో, ఓరిస్ మరుసటి ఏడాదిలో చనిపోయారు.

కూలనిది వాళ్లు వేసిన లేఅవుట్. షేకర్ హైట్స్ వీధులు గళ్లు గళ్లుగా ఉండవు. నేల వాలును బట్టి వంపు తిరుగుతాయి. బౌలెవార్డులనే వెడల్పాటి రోడ్ల మధ్యలో చెట్ల వరసల నడుమ రైలు పట్టాలు పోతాయి. ఇప్పటికీ గ్రీన్ లైన్, బ్లూ లైన్ రైళ్లు తిరిగేది ఆ దారిలోనే. కొద్ది కొద్ది దూరంలో హాల్టులు. ఊరిని తొమ్మిది పేటలుగా విభజించి ఒక్కో పేట నడుమ ఒక ప్రాథమిక పాఠశాల పెట్టారు. పిల్లలు నడిచి వెళ్లగలగాలన్నది లెక్క. బౌలెవార్డ్, ఫెర్న్‌వే, లడ్లో, లోమండ్, మాల్వర్న్, మెర్సర్, మోర్లాండ్, ఓనవే, ససెక్స్. ఆ పేర్లతోనే నేటికీ జనం తమ పేట చెప్పుకుంటారు. పేటకు బడి కేంద్రం కావడం చాలా మంచి ఆలోచన. తర్వాతి తరాల్లో ఊరిని నిలబెట్టినదీ, చీల్చినదీ అదే.

ఇళ్ల విషయంలో అన్నదమ్ముల ప్లాట్ల కంపెనీ పట్టు ఇంకా గట్టిది. ఆర్కిటెక్ట్‌తో ప్లాన్ గీయించాలి, కంపెనీ ఆమోదించాలి. ఇంగ్లిష్, ఫ్రెంచ్, కలోనియల్ శైలుల్లో ఏదో ఒకటి ఉండాలి. రోడ్డు నుంచి ఇంత వెనక్కి కట్టాలి, ఇంతకు తక్కువ ఖర్చుతో కట్టకూడదు, ఇటుక రంగు ఇలా ఉండాలి. ఒకే డిజైన్ పక్కపక్కన కనిపించకూడదు. విన్స్‌లో రోడ్డు మీదికి వెళ్తే ఈ పట్టుదల ఎంత దూరం పోయిందో కళ్లారా చూడొచ్చు. అక్కడ వరసగా ఉన్నవన్నీ రెండు వాటాల ఇళ్లు. కింద ఒక కుటుంబం, పైన ఒక కుటుంబం. కానీ రోడ్డు మీంచి చూస్తే ఒకే ఇల్లు, ఒకే కుటుంబం అనిపిస్తుంది. అద్దెకున్నవాళ్లు ఉండొచ్చు, ఉన్నట్టు కనబడకూడదు. పెరట్లో చెత్తడబ్బా దాచే అలవాటు మొలిచింది ఈ మట్టిలోనే.

ఆ రోజుల్లో ఇలాంటి ఆంక్షలకు చట్టం అండ కూడా దొరికింది. క్లీవ్‌లాండ్‌కు మరో శివారైన యూక్లిడ్ గ్రామం తన జోనింగ్ నిబంధనల కోసం సుప్రీంకోర్టు దాకా పోరాడి 1926లో గెలిచింది. ఎక్కడ ఇళ్లు, ఎక్కడ ఫ్యాక్టరీలు అని ఊరు నిర్ణయించొచ్చని కోర్టు తేల్చింది. అమెరికా అంతటా జోనింగ్‌కు ఇప్పటికీ ఆధారం ఆ తీర్పే.

ఇటుక రంగు మీద ఆంక్ష పెట్టగలిగిన దస్తావేజు మనిషి రంగు మీద కూడా పెట్టగలదు. 1925లో ఒక నల్లజాతి వైద్యుడు షేకర్ హైట్స్‌లో ఇల్లు కొని కుటుంబంతో దిగాడు. ఇంటి మీద దాడులు జరిగాయి. ఆ కుటుంబం నిలదొక్కుకోలేక వెళ్లిపోయింది. ఆ తర్వాతే కంపెనీ దస్తావేజుల్లో కొత్త షరతు ఊరంతా పాకించింది. ఇల్లు ఎవరికి అమ్మాలన్నా కంపెనీ అనుమతి తీసుకోవాలి, లేదంటే చుట్టుపక్కల ఇళ్లవారిలో ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఆ షరతులో నల్లజాతి అన్న మాట లేదు, యూదులు అన్న మాట లేదు, కాథలిక్కులు అన్న మాట లేదు. ఎక్కడా ఒక్క చెడ్డ మాట రాయకుండా, ఎవరికి కావాలంటే వాళ్లకు తలుపు తీసి, వద్దనుకున్న వాళ్లకు మూసే ఏర్పాటు అది. నేరుగా జాతి పేరు రాసిన దస్తావేజుల కంటే ఇదే ఎక్కువ బాధించే విషయం. రాసినవాళ్లకు తాము చేస్తున్నది ఏమిటో తెలుసు. తెలిసే అంత శుభ్రమైన భాషలో రాశారు.

1948లో అమెరికా సుప్రీంకోర్టు జాతి ఆంక్షల దస్తావేజులను కోర్టులు అమలు చేయకూడదని తీర్పు ఇచ్చింది. తలుపు ఒక్కసారిగా తెరుచుకోలేదు. కొద్దిగా సందు ఏర్పడింది. ఆ సందులోంచి మొదట వచ్చినవాళ్లు వైద్యులు, లాయర్లు, టీచర్లు. క్లీవ్‌లాండ్ సరిహద్దున ఉన్న లడ్లో పేటలో 1950ల మధ్య నుంచి నల్లజాతి కుటుంబాలు ఇళ్లు కొనడం మొదలుపెట్టాయి. 1956 జనవరిలో అక్కడ ఒక నల్లజాతి లాయరు కట్టుకుంటున్న ఇంటి గరాజ్ మీద బాంబు పడింది.

ఇలాంటి చోట్ల ఆ కాలంలో తర్వాత ఏం జరిగేదో అందరికీ తెలిసిందే. బ్రోకర్లు తెల్లవాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసేవారు. నల్లవాళ్లు వస్తున్నారు, ధర పడకముందే అమ్మేసుకోండి అని బెదిరించేవారు. భయంతో ఒకరు, ఒకర్ని చూసి ఇంకొకరు తక్కువకు అమ్మేసేవారు. అదే ఇంటిని బ్రోకర్లు నల్లజాతి కుటుంబానికి ఎక్కువ ధరకు అంటగట్టేవారు. బ్యాంకుల తీరు అగ్గికి గాలి తోడైనట్టు ఉండేది. నలుపు తెలుపు కలిసి ఉండే పేటలో ఇల్లు కొంటానని తెల్లవాడు వస్తే అప్పు పుట్టేది కాదు. ప్రభుత్వ గృహరుణ బీమా నియమాలే ఏళ్ల తరబడి అలాంటి పేటలను ప్రమాదకరమని ముద్ర వేశాయి. కాబట్టి పేట రంగు మారడం ప్రకృతి సహజం అని చెప్పేవాళ్లది తప్పు. దాన్ని మార్చే యంత్రం ఒకటుంది. బ్రోకరు, బ్యాంకు, ప్రభుత్వం ముగ్గురూ కలిసి తిప్పిన యంత్రం.

లడ్లో ఆ యంత్రానికి అడ్డం పడింది. బాంబు పేలిన ఇంటి శిథిలాలు తీయడానికి ఇరుగుపొరుగు చేరారు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ. ఒకరి ఇంట్లో ఒకరు కూర్చుని మాట్లాడుకోవడం మొదలైంది. 1957లో లడ్లో కమ్యూనిటీ అసోసియేషన్ పుట్టింది. వాళ్లు చేసిన పనిలో గొప్పతనం ఆదర్శం ఒక్కటే కాదు, జబ్బు ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవడం. బ్రోకర్లు తెల్ల కొనుగోలుదారులను తీసుకురావడం మానేశారు కదా, ఆ పని పేటవాళ్లే భుజాన వేసుకున్నారు. వచ్చినవాళ్లకు ఇళ్లు తిప్పి చూపించారు, కాఫీ ఇచ్చి పేట గురించి చెప్పారు. బ్యాంకు అప్పు ఇవ్వదు కదా, సొంతంగా ఒక కంపెనీ పెట్టి, డబ్బు పోగుచేసి, ముందుగా కట్టాల్సిన సొమ్ముకు రెండో తాకట్టు మీద అప్పులిచ్చారు. 1960ల మధ్యకు తెల్ల కుటుంబాలు మళ్లీ లడ్లోలో ఇళ్లు కొనడం మొదలైంది. అమెరికాలో అప్పటికి ఇలా నిలదొక్కుకున్న పేటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక్కడొక ముల్లు ఉంది, దాటేసి పోకూడదు. అసోసియేషన్ అప్పులు, ఇళ్లు చూపించే సేవ, అన్నీ తెల్ల కొనుగోలుదారుల కోసమే. లడ్లోలో ఇల్లు కావాలని నల్లజాతి కుటుంబం వస్తే ప్రోత్సాహం ఉండేది కాదు. సమతూకం చెడిపోతుందని. ఆ పేటలో అప్పటికే ఉన్న నల్లజాతి సభ్యులకు ఇది మింగుడుపడని మందు. మా సంఖ్య పెరిగితే పేట చెడినట్టా అన్న ప్రశ్నకు సూటి జవాబు ఎవరి దగ్గరా లేదు. 1967లో ఈ పనిని ఊరు తన చేతిలోకి తీసుకుని హౌసింగ్ ఆఫీసు తెరిచింది. తెల్లవాళ్లను నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న పేటలకు, నల్లవాళ్లను తెల్లవాళ్లు ఎక్కువగా ఉన్న పేటలకు మళ్లించడం దాని పని. 1986 నుంచి అలా మారేవాళ్లకు తక్కువ వడ్డీ అప్పులిచ్చే నిధి కూడా నడిచింది.

ఎవరు ఏ ఇంట్లో ఉండాలన్నది ఊరు కూర్చుని నిర్ణయించడం 1925లోనూ ఉంది, 1967లోనూ ఉంది. ఉద్దేశం మాత్రం పూర్తిగా తిరగబడింది. ఆ పట్టు, ఆ అలవాటు, చివరికి పక్కింట్లో ఎవరుండాలో లెక్కపెట్టే గుణం కూడా మారలేదు. వాన్ స్వెరింజెన్ల లేఅవుట్‌లో పెరిగిన మనుషులకు ఊరిని దిద్దడం అలవాటైపోయింది. ఆ అలవాటు లేని శివార్లు చాలావరకు ఏ ప్రయత్నమూ చేయలేదు. పదేళ్లలో ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారిపోయాయి, లేదంటే తలుపులు బిగించుకుని అలాగే ఉండిపోయాయి. చెడ్డ పనికి అలవాటైన చెయ్యి మంచి పనికి కూడా పనికొచ్చిందన్నది షేకర్ హైట్స్ విషయంలో నిజం. ఆ చెయ్యి బిగువు పూర్తిగా వదల్లేదన్నదీ అంతే నిజం.

అదే చెయ్యి ఒక చెరువును కూడా కాపాడింది. 1963లో కౌంటీ (మన జిల్లా లాంటిది) ఇంజినీర్ ఆల్బర్ట్ పోర్టర్ తూర్పు శివార్ల గుండా హైవేలు ప్రతిపాదించాడు. ఒకటి నేరుగా షేకర్ చెరువుల మీదుగా పోతుంది. గార్డెన్ క్లబ్బుల ఆడవాళ్లు లేచారు. పూల మొక్కల పోటీలు పెట్టుకునే క్లబ్బులవి, ముప్పైకి పైగా ఉండేవి. పోర్టర్ ఆ చెరువులను పనికిమాలిన బాతుల కుంట అని కొట్టిపారేశాడు. ఆడవాళ్లు 1966లో అక్కడే, హైవే పోవాల్సిన చోటే, ఒక నేచర్ సెంటర్ కట్టేశారు. పిల్లల్ని తీసుకొచ్చి పక్షుల్ని చూపించే చోటు మీదికి బుల్‌డోజర్ పంపడం ఏ నాయకుడికీ తేలిక కాదని వాళ్లకు తెలుసు. 1970లో గవర్నర్ హైవేను రద్దు చేశాడు. అదే కాలంలో అమెరికా నగరాల్లో ఎన్నో నల్లజాతి పేటలు ఇలాంటి హైవేల కింద నలిగిపోయాయి. వాళ్లు కూడా పోరాడారు. వాళ్ల వెనక లాయర్లు, పత్రికలు, రాజధానిలో పరిచయాలు లేవు. షేకర్ చెరువుల విజయం నిజమైన విజయమే. అది ఎవరికి అందుబాటులో ఉండేదో కూడా గుర్తుంచుకోవాలి.

బడుల దగ్గరికి వస్తే పని ఇంకా కష్టమైంది. మోర్లాండ్ పేట బడిలో నల్లజాతి పిల్లలు బాగా ఎక్కువయ్యారు. 1970లో స్కూల్ బోర్డు ఆ పిల్లలను బస్సుల్లో తెల్ల పేటల బడులకు పంపుదామనుకుంది. ఎప్పుడూ మా పిల్లలే బస్సెక్కాలా అని తల్లిదండ్రులు అడిగారు. అప్పుడు కొన్ని తెల్ల కుటుంబాలు మా పిల్లల్ని మోర్లాండ్‌కు పంపుతామని ముందుకొచ్చాయి. కోర్టు ఆదేశం లేకుండా, ఇష్టపూర్వకంగా, రెండు వైపులా బస్సులు నడిచాయి. బడుల్లో జాతులను కలపడానికి పిల్లల్ని బస్సుల్లో పంపడం మీద దేశంలో గొడవలు వీధుల్లోకి ఎక్కిన దశాబ్దం అది. 1983లో హైస్కూలు విద్యార్థులు జాతి సంబంధాల మీద ఒక బృందం పెట్టుకుని చిన్న తరగతులకు వెళ్లి మాట్లాడసాగారు. ఆ బృందం నేటికీ నడుస్తోంది. 1987లో పిల్లల సంఖ్య తగ్గి నాలుగు ప్రాథమిక పాఠశాలలు మూసి హద్దులు మళ్లీ గీశారు. లడ్లో, మోర్లాండ్ బడులు పోయాయి. మోర్లాండ్ బడి భవనంలో ఇప్పుడు ఊరి ప్రధాన గ్రంథాలయం ఉంది.

ఒకే బడి గేటులోంచి వెళ్లినా లోపల తరగతులు వేరయ్యాయి. హైస్కూల్లో పాఠాలను స్థాయిలుగా విడగొట్టేవారు. పై స్థాయి తరగతుల్లో తెల్లపిల్లలు, కింది స్థాయిలో నల్లపిల్లలు ఎక్కువగా తేలేవారు. ఇది ఊరికి పెద్ద గాయం. 1990లో పై తరగతి నల్లజాతి విద్యార్థులు తమ కంటే చిన్న నల్లజాతి కుర్రాళ్ల చదువును పట్టించుకునే ఒక కార్యక్రమం మొదలైంది. 1990ల చివర్లో నల్లజాతి తల్లిదండ్రులే నైజీరియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త జాన్ ఓగ్బును పిలిపించి, ఎందుకిలా జరుగుతోందో చూడమన్నారు. 2003లో వెలువడిన ఆయన అధ్యయనం బడి లోపాలతో పాటు కుటుంబాల తీరును కూడా వేలెత్తి చూపింది. పిలిచినవాళ్లలోనే చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. అయితే ఇలాంటి ప్రశ్నను బయటివాళ్లు వచ్చి అడగకముందే తమకు తాము వేసుకున్న ఊళ్లు ఎన్ని ఉంటాయి? 2020లో స్కూల్ డిస్ట్రిక్ట్ చాలా పాఠాల్లో ఆ స్థాయిల విభజనను ఎత్తేసింది. దాని మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

ఊరి లోపల ఇంత శ్రద్ధ చూపించిన చోటే పొలిమేర దగ్గర వేరే ముఖం కనబడుతుంది. 1976లో షేకర్ హైట్స్ క్లీవ్‌లాండ్ వైపు వెళ్లే కొన్ని వీధులకు అడ్డంగా బారికేడ్లు పెట్టింది. పేటలోంచి పోయే వాహనాలు ఎక్కువయ్యాయని ఊరు చెప్పిన కారణం. అవతల ఉన్నది క్లీవ్‌లాండ్‌లోని నల్లజాతి మధ్యతరగతి పేట. వాళ్ల కళ్లకు అది గోడే. బెర్లిన్ గోడతో పోల్చారు. కేసు ఒహాయో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఊరి లోపల నల్లజాతి పొరుగువాడు కావాలి, ఊరి బయటి నల్లజాతి పేటకు దారి వద్దు అన్నట్టుగా కనిపించే ఆ పని షేకర్ హైట్స్ మంచితనానికి హద్దు ఎక్కడుందో చూపించింది. ట్రాఫిక్ లెక్కలు నిజమే కావచ్చు. కానీ అంత చరిత్ర ఉన్న ఊరు అడ్డుగోడ కట్టే ముందు అవతలివాళ్ల కళ్లతో ఒకసారి చూడాల్సింది.

ఇక డబ్బు సంగతి. షేకర్ హైట్స్‌లో దాదాపు అన్నీ ఇళ్లే. దుకాణాలు, ఆఫీసులు కొద్ది, ఫ్యాక్టరీలు లేవు. అందుకే స్కూళ్ల భారమంతా ఇళ్ల మీద పడుతుంది. ఒహాయోలో అన్నిటికంటే ఎక్కువ ఆస్తి పన్ను కట్టే ఊళ్లలో ఇదొకటి. ఇంత పన్ను కట్టలేక వెళ్లిపోయేవాళ్లున్నారు, స్కూళ్ల కోసమే వచ్చి కట్టేవాళ్లున్నారు. 1970లో 36,306 ఉన్న జనాభా 2010లో 28,448కి దిగి, 2020లో 29,439 దగ్గర నిలబడింది. 2010 లెక్కల్లో తెల్లవారు 55 శాతం, నల్లజాతివారు 37 శాతం. 2008 చుట్టుపక్కల ఇళ్ల అప్పుల సంక్షోభం మోర్లాండ్ లాంటి పేటలను గట్టిగా తాకింది. వ్యాపారం పెంచుకోవాలని వారెన్స్‌విల్, వాన్ ఏకెన్ రోడ్ల కూడలిని తిరగగట్టి 2018లో కొత్త దుకాణాలు, అపార్ట్‌మెంట్లు తెరిచారు. వాన్ ఏకెన్ అన్నది ఊరికి మూడు దశాబ్దాలకు పైగా మేయరుగా ఉండి 1950లో పదవిలోనే చనిపోయిన మనిషి పేరు. రైలు చివరి స్టేషను చుట్టూ ఊరు కట్టడమన్న ఆలోచన కొత్తగా కనిపించినా, అది వాన్ స్వెరింజెన్లు 1920లో చేసిందే.

చివరికి మళ్లీ ఆ చెరువుల దగ్గరికే. షేకర్లు 1852లో ఆనకట్ట కట్టగా ఏర్పడిన హార్స్‌షూ చెరువు 2010ల చివరకు ప్రమాదంలో పడింది. ఆనకట్ట పాడైందని, తెగితే కింద పేటలకు ముప్పని తేల్చి 2019లో నీళ్లు ఖాళీ చేశారు. 2021లో ఈ ప్రాంతపు మురుగు, వాన నీటి సంస్థ ఆనకట్ట తీసేసి డోన్ వాగును మళ్లీ వాగుగానే పారనిద్దామని నిర్ణయించింది. దిగువ చెరువు ఆనకట్టను మాత్రం కొత్తగా కడతామంది. చాలామంది షేకర్ హైట్స్ వాసులకు ఇది గుండె కోత. వాళ్ల తాతలు ఆ ఒడ్డున నడిచారు, తల్లులు హైవేను ఆపింది ఈ నీళ్ల కోసమే. చెరువే ఊరు కదా అన్నది వాళ్ల మాట. ఇంకొందరు చెరువు కంటే ముందు ఇక్కడ వాగే ఉండేదని గుర్తుచేశారు. ఆ నేల షేకర్ హైట్స్‌ది కాదు. 1890లలో పార్కు కోసం క్లీవ్‌లాండ్ నగరానికి ఇచ్చేసినది, షేకర్ హైట్స్, పొరుగున ఉన్న క్లీవ్‌లాండ్ హైట్స్ లీజుకు తీసుకుని చూసుకుంటున్నాయి. కాబట్టి నూరేళ్లుగా తన ఇటుకనూ, తన వీధినీ, తన పక్కింటినీ తానే నిర్ణయించుకున్న ఊరు, ఈ ఒక్క నిర్ణయంలో పొలిమేర అవతలివాళ్లతో కలిసి కూర్చోవాల్సి వచ్చింది. నీళ్లు పోయిన చోట ఇప్పుడు గడ్డి, చిన్న చిన్న విల్లో మొక్కలు మొలిచాయి. వాటి మధ్యలోంచి సన్నగా డోన్ వాగు కిందికి, క్లీవ్‌లాండ్ వైపుకు పారుతోంది.